నీటితో చల్లార్చు కంప్యూటరు: గొట్టపు ఫిట్టింగుల యెంపిక



నేడు నేను చెప్పబోవునది బొటనవ్రేలి పాటి యిత్తడి తునకను గూర్చి. కంప్యూటరును నీటితో చల్లార్చుకొనువారు గొట్టములను లోపలి పరికరములకు తగిలించుటకై వాడు ఫిట్టింగు అది. ఇంత చిన్న వస్తువును గూర్చి గ్రామపెద్దలకు చెప్పనేల యని మీరనవచ్చును. కళాశాలలో చదువుకొను పిల్లలు కొందఱు కంప్యూటరును విడిభాగములుగా తెప్పించి యింటనే కూర్చుకొనుచున్నారు. సొమ్ము నిచ్చువారు తఱచుగా తాతలును తండ్రులును. లక్ష రూపాయలకు మించిన యంత్రములో నీరు పోసెదనని మనుమడు చెప్పిననాడు వలదని గద్దించుటకంటె, ఏమి యడుగవలెనో తెలిసి యడుగుట మేలు. ఆ మాటలే నేడు మనవి చేసెదను.

యంత్రమును నీటితో చల్లార్చుట మనకు క్రొత్త కాదు. విద్యుచ్ఛక్తి రాక పూర్వము డెల్టాలోని రైసుమిల్లులలో నాడిన ఆయిలింజన్లను మీలో పెద్దవారు కొందఱు చూచియుందురు. ఇంజను ప్రక్కన నొక నీటితొట్టి యుండెడిది. ఇంజనులో వేడెక్కిన నీరు గొట్టము వెంట తొట్టిలోనికి వచ్చి, చల్లారి, మరల నింజనులోనికి పోయెడిది. కంప్యూటరులో జరుగునదియు నింతే. దానిలో లెక్కలు చేయు చిప్పు తపాలాబిళ్ళ పాటిది. గట్టిగా పనిచేయునపుడు 100 మొదలు 250 వాట్ల వఱకు వేడిని పుట్టించును. బొమ్మలను గీయు కార్డులలో పెద్దవి 450 వాట్లకు పోవును. రెండును కలిసినచో ఒక చిన్న యిస్త్రీపెట్టెను మూసిన బీరువాలో నుంచినట్లే. సామాన్యముగా ఆ వేడిని ఫాను గాలితోనే వెలుపలికి నెట్టుదురు. కాని సమాన పరిమాణముగల గాలికంటె నీరు సుమారు 3,500 రెట్లు వేడిని మోయగలదు. నిమిషమునకు 3 లీటర్ల నీరు ప్రవహించుచున్నచో, 300 వాట్ల వేడిని గ్రహించియు నా నీరు ఒకటిన్నర డిగ్రీకి మించి వేడెక్కదు.

పెద్ద యంత్రములలో నీ పద్ధతి యేనాడో వచ్చినది. 1980లో ఐ.బి.ఎమ్. వారు ప్రకటించిన 3081 అను కంప్యూటరు నీటితో చల్లార్చబడినదే. మన తెలుగునాట సంగారెడ్డి జిల్లా కందిలో నున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లోని ‘పరమ్ సేవ’ అను మహాగణనయంత్రమునకు కూడ చల్లదనము ద్రవము వలననే. ఇంటి కంప్యూటర్లలో నధికభాగమునకు మాత్రము నీ హంగు అక్కఱలేదు. ఉత్తరములు వ్రాసికొనుటకును, చెఱువుల లెక్కలు చూచికొనుటకును ఫానే చాలును. కార్ఖానాలోనే నీరు నింపి మూతవేసి పంపు సిద్ధపు కూలరులును దొరకుచున్నవి. వానిలో ఫిట్టింగుల బెడద లేదు. దినమెల్ల చలనచిత్రములు కూర్చువారికిని, యంత్రవిద్యకు సంబంధించిన పెద్ద లెక్కలు నడుపువారికిని, పెద్ద ఆటలపై మోజుగల పిల్లలకును మాత్రమే స్వయముగా గొట్టములు కూర్చు పని.

ఇక నీటిమార్గమును చూతము. చిప్పుపై బిగించు రాగిదిమ్మ యొకటి, బొమ్మల కార్డుపై మఱొకటి, వేడిని గాలికి విడుచు రేడియేటర్లు రెండు, తొట్టితో గూడిన పంపు ఒకటి: ఈ అయిదింటికిని నీరు వచ్చు నోరొకటి, పోవు నోరొకటి. అనగా పది ఫిట్టింగులు. ప్రతి ఫిట్టింగునకు రెండు కొనలు. ఒకటి పరికరములోనికి మరగా దిగును, రెండవది గొట్టమును పట్టుకొనును. కావున నీరు కారుటకు నవకాశముగల తావులు ఇరువది. కాలువగట్టు సంగతి మీకు నేను చెప్పవలెనా? మట్టిగట్టు నట్టనడుమ తెగుట యరుదు. తూము కట్టడమును మట్టియు కలియుచోటనే ముందుగా నీరు దారి చేసికొనును. ఇచటను గొట్టము నడుమ పగులదు, కలియుచోటనే కారును. అందుచేత రంగురంగుల దీపములపై పెట్టు సొమ్ములో సగము ఈ ఇత్తడి తునకలపై పెట్టిన బాగుగ నుండునని నా యభిప్రాయము.

పరికరములో దిగు కొనకు ‘జి పావు’ అను మర యుండును. అది బ్రిటిషు గొట్టపు మర. మన కొళాయిల మరకు దాయాది. పావు అంగుళమనగా 6 మిల్లీమీటర్ల పైచిలుకు గదా, కాని యీ మరను కొలిచినచో 13 మిల్లీమీటర్లకు పైగా నుండును. పూర్వము ఇనుపగొట్టము లోపలి బెజ్జమును బట్టి పేరు పెట్టిరి. ఆ పేరే నిలిచిపోయినది. స్కేలు పెట్టి కొలిచి కొనువాడు ఇక్కడనే మోసపోవును. అంగుళమునకు 19 చుట్లుగల యీ మర ఇంటి కంప్యూటర్ల నీటిపరికరములలో దాదాపు అన్నిటికిని ఉమ్మడి యగుటచే, ఒక కంపెనీ ఫిట్టింగు మఱొక కంపెనీ దిమ్మకు చక్కగా సరిపడును.

ఇంటి కొళాయి పనికిని దీనికిని నొక భేదము కలదు. ఇంటి గొట్టపు కొన క్రమముగా సన్నగిల్లియుండును. దానికి జనపనారయో తెల్లని టేపో చుట్టి బిగించినకొలది మేకువలె దిగి నీటి నాపును. కంప్యూటరు ఫిట్టింగు మర మొదటినుండి చివరవఱకు ఒకే లావు. అది యెంత బిగించినను తానుగా నీటి నాపదు. మెడవద్దనున్న రబ్బరు ఓ-రింగు పరికరపు చదునైన ముఖమునకు నొత్తుకొని నీటి నాపును. కావున టేపు చుట్టరాదు. దాని పీలికలు లోపలికి పోయి, రాగిదిమ్మలో వెండ్రుకలవలె సన్నగా కోసిన కాలువలలో నడ్డుపడును. స్పానరుతో బలము చూపుటయు తగదు. చేతితో బిగించి, ఓ-రింగు కొంచెము నొక్కుకొనగానే ఆపవలెను. తొట్టి తఱచుగా ఆక్రిలిక్కుతో చేయబడును; బిగువు హెచ్చినచో నోటివద్ద జీరవిడును. అనుభవశాలియైన ప్లంబరును పిలిచి యీ పని చేయించుటకంటె, చేయి తేలికగల కుట్టుపనివానిచే చేయించుట మంచిదని నాకు తోచును!

గొట్టమును పట్టు కొన యంతకంటె ముఖ్యము. మెత్తని గొట్టమునకు రెండువిధముల ఫిట్టింగులు కలవు. మొదటిది గుబ్బముక్కు, దానిపై గొట్టమును దూర్చి క్లిప్పుతో బిగింతురు. రొయ్యల చెఱువులవద్ద ఇంజను పంపునకు రబ్బరు గొట్టమును తగిలించు తీరిదే. చవుకైనది, నమ్మదగినది, చూపునకు మాత్రము మోటు. రెండవది కంప్రెషను ఫిట్టింగు. దీనిలో ముక్కుపై గొట్టము దూరినపిమ్మట, ముందుగా గొట్టమునకు తొడిగియుంచిన కాలరును మరపై త్రిప్పెదరు. ముక్కుకును కాలరునకును నడుమ గొట్టపు గోడ చిక్కి కదలకుండును.

ఇట గొట్టమునకు రెండు కొలతలు చూడవలెను: లోపలి బెజ్జము, వెలుపలి లావు. 10/13 అనగా లోపల 10, వెలుపల 13 మిల్లీమీటర్లు. 10/16 అనగా లోపల 10, వెలుపల 16. గోడ మొదటిదానిలో ఒకటిన్నర, రెండవదానిలో మూడు మిల్లీమీటర్లు. మాకు తెలిసిన యొక యింటికి వచ్చిన పార్సెలులో గొట్టము 10/13, ఫిట్టింగులు 10/16. దుకాణమువారు ‘పది యన్న పదే’ యని సమాధానపడిరి. బెజ్జము పదియే గనుక గొట్టము ముక్కుపై ముచ్చటగా దూరినది. కాలరును చివరవఱకు తిరిగినది. చూచుటకు లోపమేమియు లేదు. కాని మూడు మిల్లీమీటర్ల గోడకై చేసిన సందులో ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ యుండుటచే కాలరు దేనిని పట్టలేదు. కొంచెము లాగగనే గొట్టము ఊడి చేతికి వచ్చినది. ఇందుకు తలక్రిందైన పొరపాటున, అనగా లావుగొట్టమునకు సన్నని ఫిట్టింగు వచ్చినచో, కాలరు అసలెక్కదు, వెంటనే తెలియును. తెలియని పొరపాటే ప్రమాదకరము. అందుచేత రెండంకెలును గొట్టముపైని ఫిట్టింగు పెట్టెపైని ఒక్కటియేనా యని మనుమని మొదట అడుగుడు.

ఆక్రిలిక్కు, పెట్-జి అను గట్టి గొట్టములు వేఱు జాతి. ఇవి 12, 14, 16 మిల్లీమీటర్ల వెలుపలి లావులలో దొరకును. వీని ఫిట్టింగులో ముక్కు లేదు. గొట్టము కొన ఓ-రింగులలోనికి దూరి నిలుచును. కోసిన కొన నున్నగా తోమనిచో అంచు ఓ-రింగును గీరును. ఒక మిల్లీమీటరు పొట్టిగా కోసినను పట్టు చాలదు. చూచుటకు బొమ్మలకొలువంత సొంపు, సందేహము లేదు. కాని సెలవులకు నరసాపురము వచ్చి, సెలవు కాగానే కంప్యూటరును రైలులో పెట్టుకొని హైదరాబాదు పోవు పిల్లవానికి ఇది తగదు. కుదుపులకు గట్టిగొట్టము ఓ-రింగునుండి జరుగవచ్చును. అట్టివానికి ఇ.పి.డి.ఎమ్. అను నల్లని రబ్బరుగొట్టము ఉత్తమము. మోటారుకార్ల రేడియేటరు గొట్టములను చేయునదియు నీ రబ్బరుతోనే. తళతళలాడు తెల్లని పి.వి.సి. మెత్తనిగొట్టము కొంతకాలమునకు మసకబారును. దానిని మెత్తబరచుటకు కలిపిన పదార్థము నీటిలోనికి దిగి దిమ్మలో జిగురుగా పేరుకొనును. ఏ గొట్టమైనను ప్రయాణమునకు ముందు నీటిని తీసివేయుట మంచిది. అందుకై అన్నిటికంటె పల్లమైన చోట నొక చిన్న కొళాయి ఫిట్టింగును ముందే యమర్చుకొనవలెను. ఇది లేనివారు యంత్రమును బోర్లించుచు పడు అవస్థ చూడదగినది.

మూలలు తిరుగుటకు ఎల్బోలు దొరకును. తిరుగుడు ఎల్బోలో లోపల మఱొక ఓ-రింగు కలదు గనుక కారుటకు మఱొక తావు ఏర్పడినట్లే. గొట్టమును మెల్లగా వంచి త్రిప్పుటకు చోటున్నపుడు ఎల్బో వలదు.

లోహమును గూర్చి యొక కచ్చితమైన మాట. ఇత్తడిపై నికెలు పూసిన ఫిట్టింగులు, రాగిదిమ్మ, రాగియో ఇత్తడియో రేడియేటరు: ఇవి కలిసి యుండగలవు. వీనిలో అల్యూమినియము చేరరాదు. రాగియు అల్యూమినియమును ఒకే నీటిలో నుండినచో, టార్చిలైటు బ్యాటరీలో జింకుతొడుగు తరిగిపోవునట్లు అల్యూమినియము తరిగిపోవును. చవుకగా దొరకు రేడియేటర్లలో అల్యూమినియమువి యుండును, కొనునపుడే అడుగవలెను.

పోయు నీటి విషయమున మన ప్రాంతమువారికి మఱింత జాగ్రత్త కావలెను. సముద్రము దాపుననున్న యీ భాగములో బోరునీరు పలుచోట్ల ఉప్పన. కాలువనీటిలో ఒండ్రు. రెండును పనికిరావు. డిస్టిల్డు వాటరును, దానిలో నాచును తుప్పును ఆపు మందును గాని, సిద్ధముగా దొరకు కూలెంటును గాని పోయవలెను. ఇక చల్లని చెంబుకు చెమ్మపట్టినట్లు గొట్టములకును చెమ్మపట్టి లోపల తడియునేమో యని కొందఱు శంకింతురు. ఈ ఏర్పాటులో మంచుగాని, ఫ్రిజ్జుగాని లేవు. రేడియేటరు నీటిని గదిలోని గాలికంటె చల్లగా చేయలేదు. మే నెలలో గది 38 డిగ్రీలున్నచో నీరు అంతకు మించియే యుండును, చెమ్మకు తావులేదు. ఆ దినములలో నీరు 60 డిగ్రీలకు పోకుండ చూచుకొనవలెను, ముఖ్యముగా పెట్-జి గొట్టములున్నచోట; వేడికి అవి మెత్తబడి ఫిట్టింగులో పట్టు విడుచును.

అన్నియు బిగించిన తరువాత వెంటనే కంప్యూటరును నడుపరాదు. మదరుబోర్డునకును కార్డునకును విద్యుత్తు పోవు తీగలను ఊడదీసి, పంపునకు మాత్రమే విద్యుత్తు నీయవలెను. ప్రతి ఫిట్టింగు క్రింద తెల్లని మెత్తకాగితము పఱచి, 24 గంటలు నీటిని త్రిప్పవలెను. విద్యుత్తు లేని పలకపై నీటిచుక్క పడినను తుడిచి బాగుగ నారబెట్టినచో తఱచుగా నష్టముండదు. విద్యుత్తున్నపుడు అదే చుక్క యంత్రమును కాల్చివేయగలదు. నీరు పోయుటకు ముందే చిన్న చేతిపంపుతో గాలి నింపి, ముల్లు దిగునేమో యని అరగంట చూచు సాధనమును ఉన్నది; పరికరముల వారు చెప్పిన పీడనమునకు మించి నింపకూడదు. రాత్రి పరుండబోవు ముందొకసారి, తెల్లవారి లేవగనే యొకసారి కాగితములను వ్రేలితో తాకి చూడుడు. ఎక్కడ తడి తగిలిన నా ఫిట్టింగును విప్పి, ఓ-రింగు మెలిపడినదో, గొట్టపు కొన వంకరగా కోయబడినదో చూచి సరిచేసి, మరల 24 గంటలు మొదటినుండి లెక్కింపవలెను.