హాలోవీన్: పుట్టుక, ఆచారాలు, మన దివిటీలు

6.1 పరిచయం

రావులపాలెంలోనో, ఆ చుట్టుపక్కల కోనసీమ ఊళ్లలోనో దీపావళి సాయంకాలం చూసినవారికి ఈ దృశ్యం తెలుసు. చీకటి పడగానే, టపాకాయలు మొదలుపెట్టకముందే, పెద్దవాళ్లు పిల్లల చేతికి గోగు కాడలు ఇస్తారు. వాటి చివర నూనెలో తడిపిన గుడ్డ వత్తులు కట్టి ఉంటాయి. పిల్లలు వాటిని వెలిగించి, వీధి గుమ్మం ముందు తిప్పుతూ, నేలకు కొడుతూ, దీపావళినీ ఆ తరువాత వచ్చే నాగుల చవితినీ తలిచే పాట పాడతారు. కాలిన కాడలను ఒక పక్కన పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి, కాళ్లు కడుక్కుని, ఒక మిఠాయి ముక్క నోట్లో వేసుకుంటారు. దీన్నే చాలామంది దివిటీలు కొట్టడం అంటారు. వెనక్కి ఎందుకు చూడకూడదని పిల్లలు అడిగితే "చూడకూడదంతే" అనే జవాబే సాధారణంగా వస్తుంది.

2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. సరిగ్గా అదే సాయంకాలం అమెరికా, కెనడా, ఐర్లండ్, బ్రిటన్ దేశాల్లో పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగారు. అది హాలోవీన్. రెండూ ఒకే రోజున రావడం పంచాంగం వల్ల జరిగిన సంగతి మాత్రమే. హాలోవీన్ ఏటా అక్టోబరు 31నే వస్తుంది. దీపావళి ఆశ్వయుజ అమావాస్యను బట్టి మారుతుంది. అయితే గోగు దివిటీని పక్కన పెట్టుకుని చూస్తే హాలోవీన్ మనకు బాగా అర్థమవుతుంది. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

హాలోవీన్ గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. అది దయ్యాలను పూజించే పండుగ అనేది ఒకటి. రెండువేల ఏళ్లనాటి అన్యమత పండుగకు చర్చి కొత్త పేరు పెట్టిందనేది రెండోది. మొదటిది పొరపాటు. రెండోది అనుకున్నంత గట్టి మాట కాదు. ఎందుకు కాదో తెలియాలంటే పేరుతో మొదలుపెట్టాలి.

6.2 పేరు, తేదీ

క్రైస్తవ సంప్రదాయంలో నవంబరు 1 సకల పరిశుద్ధుల పండుగ. పరిశుద్ధులను పాత ఇంగ్లీషులో 'హాలోస్' అనేవారు. ఆ పండుగ ముందు రోజు సాయంకాలం 'ఆల్ హాలోస్ ఈవ్'. అదే నలిగి నలిగి హాలోవీన్ అయింది. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఈ పేరుతోనే ఒక దీర్ఘకవిత రాశాడు. పల్లె యువతీయువకులు ఆ రాత్రి తమకు కాబోయే భార్యాభర్తలు ఎవరో తెలుసుకోవడానికి చేసే చిలిపి ప్రయత్నాలు అందులో కనిపిస్తాయి. అంటే పద్దెనిమిదో శతాబ్దంలో ఇది పిల్లల పండుగ కాదు, ముఖ్యంగా పెళ్లికాని వారి పండుగ. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత అవసరం పడుతుంది.

పరిశుద్ధుల పండుగ మొదటి నుంచీ నవంబరులో లేదు. ఏడో శతాబ్దం మొదట్లో పోప్ నాలుగో బోనిఫేస్ రోములోని పాంథియన్ ఆలయాన్ని మే 13న మరియమ్మకూ, వేదసాక్షులకూ అంకితం చేశాడు. ఎనిమిదో శతాబ్దంలో పోప్ మూడో గ్రెగరీ సెయింట్ పీటర్స్ చర్చిలో పరిశుద్ధులందరి పేర ఒక ప్రార్థనా మందిరం ఏర్పాటు చేశాడు. 835లో పోప్ నాలుగో గ్రెగరీ కాలంలో ఫ్రాంకుల సామ్రాజ్యమంతటా నవంబరు 1 స్థిరపడింది.

6.3 సావిన్: మనకు నిజంగా ఎంత తెలుసు?

ఐర్లండ్‌లో నవంబరు 1ని సావిన్ అనేవారు. వేసవి మేత భూముల నుంచి పశువులను ఇళ్లకు తోలుకొచ్చే సమయం అది. చలికాలంలో మేపలేనివాటిని కోసి మాంసం నిల్వ చేసుకునేవారు. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందని భావించేవారు కనుక పండుగ అక్టోబరు 31 సాయంకాలమే ఆరంభమయ్యేది. మధ్యయుగపు ఐరిష్ కథల్లో రాజులు సభలు తీర్చేదీ, విందులు చేసేదీ ఈ రోజుల్లోనే. మానవాతీత శక్తులుండే గుట్టల తలుపులు తెరుచుకునేదీ, వీరులకు ఆపదలు వచ్చేదీ ఇప్పుడే.

ఇంతవరకు ఆధారాలున్నాయి. అయితే ఆ కథలను రాసిపెట్టినవారు క్రైస్తవ సన్యాసులు; అప్పటికి ఐర్లండ్ క్రైస్తవ దేశమై కొన్ని శతాబ్దాలు గడిచాయి. సావిన్ కెల్టుల కొత్త సంవత్సరం అన్న మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ రీస్, అదీ 1886 నాటి ఉపన్యాసాల్లో. తన కాలపు పల్లె ఆచారాలను చూసి ఆయన వెనక్కి ఊహించాడు. అది మృతుల పండుగ అనే వాదాన్ని 'ది గోల్డెన్ బౌ' రాసిన జేమ్స్ ఫ్రేజర్ బలపరిచాడు. ఈ ఇద్దరి మాటలనే తరువాతి పుస్తకాలు ఒకదాన్ని చూసి మరొకటి రాసుకుంటూ వచ్చాయి. 1996లో చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ బ్రిటన్ పండుగలపై రాసిన గ్రంథంలో ఈ ఆధారాలు ఎంత పలుచనివో చూపించాడు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సావిన్‌ను కప్పిపుచ్చడానికే చర్చి నవంబరు 1ని ఎంచుకుందనుకుందాం. అప్పుడు ఐర్లండ్ చర్చే ముందు ఆ పని చేసి ఉండాలి. కాని తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఐర్లండ్‌లో పరిశుద్ధుల పండుగ ఏప్రిల్ 20న జరిగేది. నవంబరు తేదీ మొదట కనిపించేది ఇంగ్లండ్, జర్మనీ ప్రాంతాల్లో. కనుక 'చర్చి దొంగిలించింది' అన్న మాటను పరీక్షలో రాసే ముందు ఒకసారి ఆలోచించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సావిన్ గురించి ఆధారమున్న రెండు విషయాలను, తరువాతి పండితులు ఊహించిన రెండు విషయాలను వేర్వేరుగా రాయండి.

6.4 మృతుల కోసం రొట్టె

పరిశుద్ధులు స్వర్గంలో ఉన్నవారు. మరి మన తాతముత్తాతల వంటి మామూలు మనుషుల మాటేమిటి? ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఒడిలో, వెయ్యో సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా, నవంబరు 2న మృతులందరి కోసం ప్రార్థించాలని తన మఠాలకు నియమం పెట్టాడు. అది ఐరోపా అంతటికీ పాకింది. హాలోవీన్‌లో చావు ప్రసక్తి ఉందని రాతపూర్వకంగా గట్టిగా చెప్పగలిగింది ఈ దారిన వచ్చినదాన్నే.

ఈ రోజు మనకు కొత్తదేమీ కాదు. గోదావరి జిల్లాల్లో నవంబరు 2న క్రైస్తవ కుటుంబాలు శ్మశానాలకు వెళ్లి, సమాధులు శుభ్రం చేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. దానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు సమాధుల పండుగ. హాలోవీన్‌కు నిజమైన దగ్గరి చుట్టం కావాలంటే హైదరాబాదు హోటళ్లలో జరిగే వేషాల పార్టీల దగ్గర కాదు, ఈ సమాధుల దగ్గర వెతకాలి.

మృతుల ఆత్మలు స్వర్గానికి చేరేలోపు శుద్ధి పొందే చోటు ఒకటుందనీ, బతికున్నవారి ప్రార్థనలు వారికి మేలు చేస్తాయనీ మధ్యయుగపు విశ్వాసం. ఇంగ్లండ్‌లో పేదలు, పిల్లలు ఇంటింటికీ వెళ్లి మృతుల కోసం ప్రార్థిస్తామని చెప్పి 'సోల్ కేక్' అనే చిన్న రొట్టెలు అడిగేవారు. మన వీధుల్లో ధనుర్మాసంలో తలమీద అక్షయపాత్రతో వచ్చే హరిదాసును తలుచుకోండి. ఇంటివారు బియ్యం పోస్తారు, ఆయన దీవిస్తాడు. అక్కడా అంతే: రొట్టెకు బదులు ప్రార్థన. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది.

ఆ ఒప్పందానికి దెబ్బ తగిలింది కూడా సరిగ్గా ఈ తేదీనే మొదలైన ఒక ఉద్యమం వల్ల. మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలను వెలువరించింది 1517 అక్టోబరు 31న, అంటే పరిశుద్ధుల పండుగ ముందు రోజున. 1840లలో రాజమండ్రిలో పని మొదలుపెట్టిన లూథరన్ మిషన్ సంప్రదాయంలో ఈనాటికీ అక్టోబరు 31 సంస్కరణ దినమే. సంస్కరణవాదులు ఆ శుద్ధి స్థలాన్ని ఒప్పుకోలేదు. అది లేకపోతే మృతుల కోసం ప్రార్థన దేనికి? ఇంగ్లండ్‌లో ఆ రాత్రి చర్చి గంటలు మోగించడాన్ని నిషేధించారు. కాని రొట్టెలు అడగడం ఆగలేదు. ప్రార్థన పోయింది, రొట్టె మిగిలింది. పంతొమ్మిదో శతాబ్దం దాకా కొన్ని జిల్లాల్లో పిల్లలు ఆ పాటలు పాడుతూనే తిరిగారు.

స్కాట్లండ్, ఐర్లండ్‌లలో వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి, ఒక పాటో పద్యమో వినిపించి, యాపిల్ పళ్లు, గింజలు, చిల్లర పుచ్చుకోవడం అలవాటు. ఇంగ్లండ్‌లో మాత్రం 1605 నాటి పార్లమెంటు పేల్చివేత కుట్ర విఫలమైనందుకు నవంబరు 5న వేసే మంటలే పెద్ద పండుగ అయ్యాయి.

6.5 దుంప నుంచి గుమ్మడికాయ దాకా

హాలోవీన్ అనగానే గుర్తొచ్చేది లోపల దీపం పెట్టిన, కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయ. ఐర్లండ్‌లో అది గుమ్మడికాయ కాదు. ముల్లంగి కుటుంబానికే చెందిన టర్నిప్ అనే దుంపను తొలిచి ముఖం చెక్కేవారు. అలాంటి ఒక దుంప నమూనా ఐర్లండ్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఎండిన శవం ముఖంలా ఉండే దాని ముందు గుమ్మడికాయ నవ్వు ముద్దుగానే ఉంటుంది. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకి మొదలైన కరువులో ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచిపోయారు. వారిలో చాలామంది చేరింది అమెరికాకు. అక్కడ గుమ్మడికాయ దేశవాళీ పంట. పెద్దది, తొలవడం తేలిక. దుంప స్థానంలో కాయ వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన ఇళ్ల గుమ్మాలకు దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కడతాం. కట్టుబడి జరిగే ఇళ్ల ముందు దానిమీద కోరమీసాల రాక్షస ముఖం కూడా గీస్తాం. చూడగానే 'ఇదీ అదీ ఒకటే' అనిపిస్తుంది. కాని బూడిద గుమ్మడి ఆసియా కాయ, అది వేరే జాతి. ఆ ఆచారానికీ ఐర్లండ్ దుంపకూ ఏ రాకపోకలూ లేవు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉందని కాదు. గుమ్మం దగ్గర భయపెట్టే ముఖం పెట్టాలన్న ఆలోచన మనుషులకు ఎక్కడైనా రావచ్చు.

అమెరికాలో ఈ రాత్రి కుర్రకారు అల్లరి చాలాకాలం పెద్ద సమస్య. గేట్లు ఊడదీయడం, బండ్లు ఎత్తుకుపోవడం, 1930ల నాటికి అద్దాలు పగలగొట్టడం దాకా వెళ్లింది. పట్టణాలవారు, స్కూళ్లవారు పిల్లలను వేరే దారికి మళ్లించడానికి వేషాల పోటీలు, ఊరేగింపులు పెట్టారు. 'ట్రిక్ ఆర్ ట్రీట్' అనే మాట అప్పటికే వాడుకలోకి వచ్చింది. 1920ల కెనడా పత్రికల్లో కనిపిస్తుంది. మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా అని దాని భావం. రెండో ప్రపంచయుద్ధపు చక్కెర రేషన్ అమెరికాలో 1947లో ఎత్తేశాక అది దేశమంతటా పాకింది. పెళ్లికానివారి పండుగ పిల్లల పండుగగా, మృతుల రొట్టె మిఠాయి కంపెనీల సరుకుగా మారింది ఈ కాలంలోనే.

6.6 దివిటీ ఎవరి కోసం?

ఇప్పుడు మళ్లీ రావులపాలెం వీధి గుమ్మం దగ్గరకు వద్దాం. 'నిర్ణయసింధు' వంటి ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఉల్కాదానం అనే విధి ఉంది. సూర్యుడు తులారాశిలో ఉండగా చతుర్దశి, అమావాస్య నాటి ప్రదోష వేళ మనుషులు చేతుల్లో కాగడాలు పట్టుకుని పితృదేవతలకు దారి చూపాలని దాని సారాంశం. భాద్రపద బహుళ పక్షం మహాలయ పక్షం. పితృదేవతలు మన ఇళ్లకు వచ్చేది అప్పుడని నమ్మకం. వచ్చినవారు తిరిగి వెళ్లేటప్పుడు, ఆశ్వయుజ అమావాస్య చీకట్లో, వెలుగు చూపి సాగనంపాలి.

ఆ విధిని దృష్టిలో పెట్టుకుంటే పిల్లల ఆటలోని ఒక్కొక్క చేష్టా అర్థవంతమవుతుంది. దివిటీ గుమ్మం బయట వెలిగేది వెళ్లేవారి దారి కోసం. వెనక్కి చూడకుండా రావడం, కాళ్లు కడుక్కోవడం శ్మశానం నుంచి తిరిగి వచ్చేటప్పుడు చేసే పనులే. మిఠాయి తినడమంటే చావు ప్రసక్తి ముగించి బతుకులోకి రావడం. పెద్దల పేర పుట్టిన ఆచారం పిల్లల చేతుల్లో ఆటై మిగిలింది. ఇంగ్లండ్‌లో ప్రార్థన మరిచిపోయినా రొట్టె అడగడం మిగిలినట్టే, ఇక్కడ పితృదేవతలను మరిచిపోయినా దివిటీ మిగిలింది. ఆచారం చేయి నుంచి చేతికి అందుతుంది. దాని కారణం మాత్రం ఎవరో ఒకరు నోరు విప్పి చెబితేనే అందుతుంది.

ఒక తేడాను కూడా గమనించండి. హాలోవీన్‌లో మృతులు ముసుగులైపోయారు, భయపెట్టేవారయ్యారు. దివిటీల ఆచారంలో వారు భయపెట్టరు, కనిపించరు కూడా. దారి చూపించుకోవలసిన అతిథులు. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో జరిగే మృతుల పండుగలో, చనిపోయినవారికి ఇష్టమైన వంటలు ఫొటోల ముందు పెట్టే పద్ధతి మనవాళ్లు సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే పద్ధతికే దగ్గరగా ఉంటుంది. ఒకే తేదీ చుట్టూ మృతుల పట్ల ఇన్ని రకాల వైఖరులు ఉండగలవు.

క్షేత్ర పని: ఈ దీపావళికి మీ వీధిలో దివిటీలు కొట్టే మూడు ఇళ్లకు వెళ్లండి. ఒక్కో ఇంట్లో అరవై దాటినవారిని ఒకరినీ, నడివయసువారిని ఒకరినీ, పదేళ్లలోపు పిల్లవాడిని ఒకరినీ ఒకే ప్రశ్న అడగండి: "దివిటీ ఎందుకు?" తొమ్మిది జవాబులనూ వారి మాటల్లోనే, మీ వ్యాఖ్య కలపకుండా రాయండి. గోగు కాడలు దొరకక కాకరపువ్వొత్తులతో సరిపెట్టిన ఇళ్లుంటే ఆ సంగతి కూడా నమోదు చేయండి.