టీ గ్లాసు చాటున దాగిన అలసట

హార్బర్‌లో నిద్రకు, టిఫినుకు బదులుగా తేనీరు
కెఫిన్‌తో మేలెంత? కీడెంత?

విశాఖపట్నం, ఫిషింగ్ హార్బర్: ఇంకా తెల్లవారదు. సముద్రం నుంచి తిరిగొచ్చిన మరపడవలు జెట్టీ వద్ద ఒకదాని పక్కన ఒకటి చేరుతుంటాయి. ఐసులోంచి తీసిన కోనాం, చందువ, రొయ్యలు గంపలకెక్కుతుంటాయి. వేలంపాట ఊపందుకోక ముందే టీ బడ్ల చుట్టూ జనం మూగుతారు. రోజుల తరబడి అలలపై గడిపి వచ్చిన సరంగులు, కళాసీలు, ఐసు మోసే కూలీలు, చేపలు కొని తట్టల్లో ఊళ్లోకి తీసుకెళ్లే మహిళలు.. అందరి చేతుల్లోనూ టీ గ్లాసే. వారిలో చాలామందికి ఆ పూట నిద్రకు బదులు అదే, టిఫినుకు బదులూ అదే.

గుక్కెడు టీ గొంతు దిగగానే ఒళ్లు తేలికపడినట్లు, కళ్లు తెరుచుకున్నట్లు అనిపించడం వాస్తవమే. అయితే ఆ హుషారు కొత్తగా వచ్చిన శక్తి కాదు. ఉన్న అలసటను మెదడుకు తెలియకుండా కాసేపు దాచిపెట్టడమే టీ, కాఫీల్లోని కెఫిన్ చేసే పని. ఈ తేడా తెలియకపోతే రోజంతా శ్రమించే వారి ఆరోగ్యం నెమ్మదిగా దెబ్బతినే ప్రమాదముంది.

జెట్టీలో చోటు ఆక్రమించినట్లు..

మనిషి మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. మెదడు కణాలపై దానికోసం ప్రత్యేకంగా కొన్ని గ్రాహకాలుంటాయి. అడినోసిన్ వెళ్లి వాటిలో కూర్చుంటే మగత కమ్ముతుంది, ‘ఇక పడుకో’ అనే సంకేతం అందుతుంది. కెఫిన్ ఆకృతి ఇంచుమించు అడినోసిన్‌ను పోలి ఉంటుంది. అందుకే అది ముందుగా వెళ్లి ఆ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. జెట్టీలో ఖాళీలన్నీ వేరే పడవలు ఆక్రమిస్తే వెనుక వచ్చినవి నీళ్లలోనే వేచి ఉన్నట్లు, అడినోసిన్ కూడా బయటే నిలిచిపోతుంది. అది తగ్గదు, పైగా పెరుగుతూనే ఉంటుంది. కెఫిన్ ప్రభావం తగ్గగానే అదంతా ఒక్కసారిగా లోపలికి చేరుతుంది. టీ తాగిన కొన్ని గంటలకు మునుపటికన్నా ఎక్కువ నీరసం ముంచుకురావడానికి కారణమిదే.

తాగిన కెఫిన్ దాదాపు మొత్తం పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. సాధారణంగా గంటలోపే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత కాలేయం దానిని విచ్ఛిన్నం చేస్తుంది. అందులో సగం తగ్గడానికి సగటున అయిదు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం 4 గంటలకు 100 మిల్లీగ్రాముల కెఫిన్ తీసుకుంటే రాత్రి 9 గంటలకు ఇంకా 50, అర్ధరాత్రి దాటాక 2 గంటలకు సైతం 25 మిల్లీగ్రాములు ఒంట్లో ఉంటాయన్నమాట. ఈ వేగం అందరిలో ఒకేలా ఉండదు. పొగ తాగేవారిలో కెఫిన్ త్వరగా కరిగిపోతుంది. బీడీ, చుట్ట మానేసిన వారికి అలవాటైన టీయే ఎక్కువ దడ పుట్టించడానికి కారణమదే. పొగ మానేవారు టీ, కాఫీలు కూడా తగ్గించుకోవడం మేలు.

ఎందులో ఎంత?

కెఫిన్ తేయాకులో, కాఫీ గింజల్లో, కోకోలో సహజంగానే ఉంటుంది. పురుగుల బారి నుంచి కాపాడుకోవడానికి మొక్కలు తయారు చేసుకునే పదార్థమిది. 1819లో జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త రుంగే దీనిని కాఫీ గింజల నుంచి తొలిసారి వేరుచేశారు. విశాఖకు ఎగువన ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. రొబస్టా రకంతో పోలిస్తే అరబికాలో కెఫిన్ దాదాపు సగమే. అయితే హార్బర్‌లో ఎక్కువగా చెల్లేది పాలలో బాగా మరిగించిన డస్ట్ టీ. ఎంత ఎక్కువసేపు మరిగిస్తే అంత ఎక్కువగా కెఫిన్, వగరునిచ్చే టానిన్లు దిగుతాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫిన్ ఉంటుంది. టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజు మొత్తం మీద 300 మిల్లీగ్రాములకు మించరాదని ఆ సంస్థ సూచించింది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు హాని ఉండదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో పేర్కొంది.

బడ్డీల్లో ఇచ్చే చిన్న గ్లాసు ఇందులో సగమే ఉంటుంది కాబట్టి ఒకటి రెండు తాగితే బెంగ పడనవసరం లేదు. కానీ పది గ్లాసులైతే 150 నుంచి 325 మిల్లీగ్రాములకు చేరినట్లే. పైగా గ్లాసుకు చెంచా చొప్పున పది గ్లాసుల్లో 50 గ్రాముల పంచదార ఒంటికి పడుతుంది. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన గరిష్ఠ పరిమితి దాదాపు అంతే. అంటే రోజంతటికీ సరిపడే తీపి టీలోనే అయిపోతుందన్నమాట. కెఫిన్ కన్నా ఈ పంచదారే మధుమేహానికి దగ్గరి దారి కావడం గమనార్హం.

తట్ట మోసే మహిళలకు ముప్పు

హార్బర్ టీ అలవాటులో ఎక్కువగా నష్టపోయేది మహిళలే. రాత్రి వండిన అన్నం పిల్లలకు పెట్టి, తాము ఖాళీ కడుపుతో చీకట్లోనే బయలుదేరే వారెందరో. రెండు మూడు గ్లాసుల టీతో మధ్యాహ్నం వరకు నెట్టుకొస్తారు. తిన్నప్పుడైనా వెంటనే మరో టీ తాగుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మంది రక్తహీనులే. రాష్ట్రంలోనూ సగానికి పైగా మహిళలది ఇదే పరిస్థితి.

ఇక్కడ దోషి కెఫిన్ కాదు, టీలోని టానిన్లు. అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును ఇవి కడుపులోనే పట్టేసి, ఒంటికి అందకుండా చేస్తాయి. భోజనంతోపాటు టీ తాగితే ఆ ఇనుములో ఒంటికి పట్టేది సగానికి పైగా పడిపోవచ్చు. ఇనుము తగ్గితే రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గితే ఆయాసం, నీరసం వస్తాయి. నీరసం పోవడానికి మళ్లీ టీ తాగుతారు. అలసట తీరడానికని తాగే గ్లాసే అలసటకు కారణమవుతున్న విషవలయమిది. పిల్లలకు పొద్దున్నే టీలో బన్ను ముంచి పెట్టే ఇళ్లలో ఇదే నష్టం వారికీ జరుగుతుంది.

దీనికి మందు ఖర్చుతో కూడినది కాదు. భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీలు తాగరాదని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ మాత్రలను టీతో వేసుకుంటే ప్రయోజనం బాగా తగ్గిపోతుంది. మంచినీళ్లతోనే వేసుకోవాలి. అన్నంలో నిమ్మరసం పిండుకున్నా, జామకాయో ఉసిరికాయో తిన్నా ఇనుము బాగా పడుతుంది. చేపల్లోని ఇనుము ఒంటికి సులువుగా పట్టడమే కాక, కూరగాయల్లోని ఇనుమునూ పట్టేలా చేస్తుంది. అమ్మే తట్టలోంచి నాలుగు చేపలు ఇంటికి మిగుల్చుకోవడం కూడా వైద్యమే.

గర్భిణులు మరింత జాగ్రత్త వహించాలి. నెలలు నిండేకొద్దీ కెఫిన్ కరిగే వేగం బాగా మందగిస్తుంది, సగం తగ్గడానికే 15 గంటల వరకు పట్టవచ్చు. అది మాయను దాటి బిడ్డకూ చేరుతుంది. రోజుకు 300 మిల్లీగ్రాములకు పైగా కెఫిన్ తీసుకునే గర్భిణులు దానిని తగ్గించుకుంటే బిడ్డ బరువు తగ్గే ముప్పు, గర్భస్రావం ముప్పు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

పడవపై కునుకు కరవు

సముద్రంలో వేటకు వేళాపాళా ఉండదు. వల ఎత్తాల్సి వస్తే అర్ధరాత్రయినా లేవాల్సిందే. కాపలా సమయంలో ఒక గ్లాసు టీ మెలకువనిస్తుంది, చురుకుదనమూ ఇస్తుంది. తప్పేమీ లేదు. చిక్కల్లా ఆ తర్వాత పడుకునే వంతు వచ్చినప్పుడే. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫిన్ తీసుకున్నా నిద్రలో గంటకు పైగా కోత పడుతున్నట్లు 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తేలింది. దొరికేదే మూడు నాలుగు గంటల కునుకు. అందులో గంట పోతే మర్నాడు తాడు లాగే చేయి, ఇంజను చూసే కన్ను తడబడతాయి. పడవపై ఆ తడబాటు వేళ్లనో, ప్రాణాన్నో అడుగుతుంది. అందుకే కాపలా మొదట్లోనే టీ తాగి, చివర్లో మానడం ఉత్తమం.

ఒడ్డుకు చేరాక మద్యం మత్తు దిగడానికి స్ట్రాంగ్ టీ, కాఫీ తాగే అలవాటూ కనిపిస్తుంది. కెఫిన్ మత్తును దించదు. మగతను మాత్రమే దాస్తుంది. రక్తంలో మద్యం అలాగే ఉంటుంది. తాను తేరుకున్నానని భ్రమపడి బండెక్కినా, పడవ అంచున నడిచినా ప్రమాదమే. మద్యంలో ఎనర్జీ డ్రింకులు కలుపుకొని తాగడం కూడా ఇలాంటిదే. వీటిలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య కెఫిన్ ఉండాలని దేశంలో ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగరాదన్న హెచ్చరిక డబ్బాపైనే ఉంటుంది.

మేలు లేకపోలేదు

అలాగని టీ, కాఫీలను విషంగా చూడనవసరం లేదు. మితంగా కాఫీ తాగేవారిలో రెండో రకం మధుమేహం, పార్కిన్సన్స్ వ్యాధి, కొన్ని కాలేయ వ్యాధులు తక్కువగా కనిపిస్తున్నట్లు పలు దేశాల్లోని అధ్యయనాలు చెబుతున్నాయి. టీ తాగితే ఒంట్లో నీరంతా పోతుందన్న ప్రచారంలోనూ నిజం తక్కువే. మితంగా తాగితే నీరు కొంత అందుతుంది కూడా. అయితే ఎండలో చెమటోడ్చేవారికి మంచినీళ్ల స్థానాన్ని టీ భర్తీ చేయలేదు.

కొందరికి మాత్రం కొద్దిపాటి కెఫిన్‌తోనే గుండెదడ, చేతుల వణుకు, కడుపులో మంట మొదలవుతాయి. అలవాటు లేనివారిలో రక్తపోటు తాత్కాలికంగా పెరుగుతుంది. రక్తపోటు, గుండె జబ్బులు ఉన్నవారు తమకు ఎంతవరకు తగునో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే గ్యాసేనని టీ తాగి సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక్కసారిగా మానొద్దు

రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, మగత మొదలవుతాయి. ఇవి రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల వరకు ఉండవచ్చు. శివరాత్రి ఉపవాసం నాడు కొందరిని వేధించే తలపోటుకు ఆకలితో పాటు ఇదీ ఒక కారణమే. కాబట్టి రెండు మూడు రోజులకో గ్లాసు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ముందుగా సాయంత్రం గ్లాసును, ఆ తర్వాత భోజనం వెంట తాగే గ్లాసును మానాలి. పొద్దున్న టీకి ముందు ఇడ్లీయో, అరటిపండో, చద్దన్నమో ఏదో ఒకటి కడుపులో పడాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. పడవలు జెట్టీకే పరిమితమయ్యే ఆ రోజుల్లో నిద్రవేళలు చక్కబరుచుకోవడానికి, టీ తగ్గించుకోవడానికి మత్స్యకారులకు వీలు చిక్కుతుంది. ఎప్పుడూ ఆయాసంగా, నీరసంగా ఉండే మహిళలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే, గర్భిణుల్లో 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్లే. దానికి కావలసింది మరో గ్లాసు టీ కాదు.. వైద్యం, కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర.