కడ్డీ మీది 500, దాని పక్కన ‘డి’

ఇల్లు మొదలుపెట్టినవాళ్లు ఇనుము దుకాణంలో ముందు అడిగేది ‘500 ఉందా, 550 ఉందా’ అనే. ఆ అంకె దేనికి కొలత? చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల బలంతో లాగినా కడ్డీ లొంగిపోకూడదని దాని అర్థం. 12 ఎంఎం కడ్డీని అడ్డంగా కోస్తే వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. లెక్క కడితే దాదాపు 56,500 న్యూటన్లు, అంటే 5.8 టన్నుల బరువు. అదే లావున్న 250 గ్రేడు మెత్తని ఉక్కు 2.9 టన్నుల దగ్గరే లొంగిపోతుంది.

ఈ రెట్టింపు బలం కార్బన్ ఎక్కువ వేయడం వల్ల వచ్చిందనుకుంటాం. కాదు. 500డి గ్రేడులో కార్బన్ 0.25 శాతం మించకూడదని ఐఎస్ 1786 ప్రమాణం చెబుతోంది. టన్నుకు రెండున్నర కిలోలన్నమాట. మెత్తని ఉక్కులోనూ పరిమితి ఇంచుమించు అంతే. తేడా ప్రధానంగా వేడిని నడిపించిన తీరులో ఉంది.

రోలింగ్ మిల్లు చివరి స్టాండు దాటేసరికి కడ్డీ ఇంకా 950 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడిలో ఇనుము పరమాణువుల అమరికను ఆస్టెనైట్ అంటారు. అది కార్బన్‌ను 2 శాతం దాకా తనలో ఇముడ్చుకోగలదు. చల్లారాక ఏర్పడే ఫెర్రైట్‌లో పట్టేది 0.02 శాతమే, నూరో వంతు. నెమ్మదిగా చల్లారితే మిగిలిన కార్బన్ బయటికొచ్చి పెర్లైట్ పొరలుగా సర్దుకుంటుంది. ఇలాంటి కడ్డీలు చేసే టీఎంటీ మిల్లులో ఆ వ్యవధి ఇవ్వరు. కడ్డీ నీటి గొట్టాల గుండా దూసుకుపోతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే పైపొరలోని కార్బన్ కదలలేక అక్కడే చిక్కుకుపోతుంది. అలా పుట్టేదే మార్టెన్సైట్. చాలా గట్టిది, కానీ అలాగే వదిలేస్తే పెళుసు.

అప్పటికింకా ఎర్రగానే ఉన్న లోపలి భాగం తన వేడిని పైకి పంపుతుంది. పైపొర మళ్లీ 600 డిగ్రీల దరిదాపులకు వేడెక్కి పెళుసుదనం పోగొట్టుకుంటుంది. ఉలికి పదును పెట్టే కమ్మరి కొసను నీళ్లలో ముంచి తీసి, లోపలి వేడిని మళ్లీ కొసకు రానిచ్చేదీ ఇందుకే. మధ్యభాగం తీరిగ్గా చల్లారి ఫెర్రైట్, పెర్లైట్‌గా మారుతుంది. కడ్డీ కొసను నున్నగా అరగదీసి, ఆల్కహాల్‌లో కలిపిన పలుచని నైట్రిక్ ఆమ్లం పూస్తే అంచు చుట్టూ నల్లని వలయం, నడుమ లేత రంగు కనిపిస్తాయి. బలం ఆ వలయానిది, సాగే గుణం ఆ నడుమది.

కలిపే లోహాల పని కూడా ఉంది. మాంగనీస్ ఉక్కును బలపరుస్తుంది. కొన్ని మిల్లులు నియోబియం, వెనేడియం లాంటివి శాతంలో కొన్ని వందో వంతులు, అంటే టన్నుకు కొన్ని వందల గ్రాములు వేస్తాయి. అవి కార్బన్‌తో కలిసి అతి చిన్న రేణువులై, ఉక్కు గింజలు పెద్దవి కాకుండా అడ్డుపడతాయి. గింజ చిన్నదైతే బలమూ, తట్టుకునే గుణమూ రెండూ పెరుగుతాయి. గంధకం, భాస్వరం మాత్రం తగ్గాల్సినవే. ‘డి’ లేని ఫె 500 గ్రేడులో ఒక్కొక్కటి 0.055 శాతం దాకా ఉండవచ్చు, 500డిలో 0.040 దాటకూడదు.

నా దృష్టిలో 500 కన్నా పక్కనున్న ‘డి’ అక్షరమే ముఖ్యం. తెగేలోపు ఫె 500 కనీసం 12 శాతం సాగాలి, 500డి అయితే 16 శాతం. 12 ఎంఎం కడ్డీపై 60 మిల్లీమీటర్ల గుర్తు పెట్టి లాగితే మొదటిది 67.2కు, రెండోది 69.6కు తగ్గకుండా సాగాలి. చూడటానికి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడానే. భూకంపంలో ఇల్లు ఒక్కసారిగా కూలకుండా, వంగి, బీటలిచ్చి, మనుషులు బయటపడే వ్యవధి ఇచ్చేది ఈ సాగే గుణమే.

అందుకే సైటులో గ్యాస్ మంట పెట్టి కడ్డీలు వంచుతుంటే ఆపించండి. మంటకు కడ్డీ వేడి 600 డిగ్రీలు దాటితే ఆ వలయం మెత్తబడుతుంది, మీరు డబ్బిచ్చి కొన్న బలం అక్కడే పోతుంది. కొనేటప్పుడు మిల్లు పరీక్షా పత్రం అడిగి, అందులో సాగుదల శాతం ఎంతుందో చూడండి.