తాగే మందు దగ్గర, మాన్పే మందు దూరం

మన ఊళ్ళో టాస్మాక్ షాపు మధ్యాహ్నం 12 గంటలకు తెరిస్తే రాత్రి 10 దాకా ఉంటుంది. సర్కారు ఆసుపత్రిలో ఓపీ చీటీ మాత్రం పొద్దున పూటే ఇస్తారు. కూలికి పోయేవాడు ఏ టైముకు ఖాళీగా ఉంటాడో మీకు తెలుసు. ఈ సంగతే నాలుగు మాటలు రాద్దామనుకున్నాను.

నాతో రింగు ఫ్రేముల దగ్గర పనిచేసిన ఒకాయన ఇప్పుడు మైలాపూరులోనే కాపురం ఉంటున్నాడు. మిల్లు మూతపడినాక తాగుడు ఎక్కువైంది. ఒక శుక్రవారం కూతురు ఏడ్చిందని, ఇక ముట్టనని ఒట్టేసుకున్నాడు. మేమంతా సంతోషపడ్డాం. మర్నాటికి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట. ఆసుపత్రికి తీసుకుపోతే "సోమవారం రండి, డాక్టరు ఉంటారు" అన్నారు. ఆ రాత్రే ఫిట్సు వచ్చి పడిపోయాడు. దేవుడి దయ, బతికాడు.

అప్పుడు డాక్టరు చెప్తే తెలిసింది. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి నాలుగైదు రోజులు ప్రాణానికే ముప్పు. ఆ రోజుల్లో డాక్టరు చూపు, మందులు ఉండాలి. తర్వాత నెలల తరబడి మంచి మాట చెప్పేవాళ్ళు కావాలి, ఇంట్లోవాళ్ళకు కూడా. ఇది జబ్బు. ఒట్టు వేయించినంత మాత్రాన పోదు.

మన చెన్నైలో ఈ పని మొదలై చాలా కాలమైంది. తాగుడువల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో ఆయన పేరుతో సంస్థ పెట్టారు. అడయారు పక్క ఇందిరా నగర్లో టీటీకే ఆసుపత్రి అంటే అదే. 2025లో సర్కారు కూడా రాష్ట్రంలో 25 ఆసుపత్రుల్లో 'కలంగరై' అని మాన్పించే కేంద్రాలు తెరిచింది. మంచిదే, కానీ చాలదు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా లెక్క తీశారు. తాగుడుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందట.

షాపులు మూసేస్తే సరిపోదా అంటారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడితే 1993లో సారా ఆగింది, 1995లో మొత్తం మద్యం ఆగింది. 1997లో మళ్ళీ వచ్చేసింది. వాళ్ళ పోరాటం గొప్పది, కాదనను. కానీ షాపు మూసినా, తెరిచినా, అప్పటికే జబ్బుపడినవాడికి వైద్యం కావాల్సిందే.

2017 మానసిక ఆరోగ్య చట్టంలో తాగుడువల్ల వచ్చే మానసిక జబ్బులు కూడా ఉన్నాయి. సర్కారు దగ్గర దానికి వైద్యం పొందడం మన హక్కు. అందుకే మనం అడగాల్సినవి ఇవి. ప్రతి పెద్దాసుపత్రిలో, ఈఎస్ఐ ఆసుపత్రిలో ఇందుకని కొన్ని మంచాలు ఉంచాలి. ఆదివారమైనా సరే, వచ్చిన రోజే చేర్చుకోవాలి. వారానికి రెండు రోజులన్నా సాయంత్రం పూట డాక్టరు ఉండాలి. మన తెలుగులో మాట్లాడేవాళ్ళు ఒకరుండాలి. వైద్యానికి సెలవు పెట్టినవాడి పని పోకూడదు. మద్యం మీద వచ్చే రాబడిలో కొంత దీనికి పక్కన పెట్టాలి.

1918లో పెరంబూరు మిల్లు కార్మికులు, అన్నం తినడానికి ఇచ్చే టైము చాలడం లేదని మొదలుపెట్టే కదా మద్రాసు లేబర్ యూనియన్ దాకా పోయారు! అడిగితేనే వచ్చింది. ఈసారి కౌన్సిలరు గారో, ఎమ్మెల్యే గారో మీ వీధికి వస్తే రోడ్డు, నీళ్ళతో పాటు ఇది కూడా అడగండి.

ఈలోపల ఇంట్లో ఎవరైనా "మానేస్తా" అంటే గదిలో పెట్టి తాళం వేయకండమ్మా. 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. ఆ మాట అతను మళ్ళీ ఎప్పుడంటాడో తెలియదు.