పుట్టగొడుగులు ఉడికించిన నీళ్లు పారబోయకండి

"తొంభై పాళ్లు నీళ్లేనటగా, ఇందులో బలమేముంటుందండీ?" నా దగ్గర చిప్ప పుట్టగొడుగులు కొనేవాళ్లు తరచుగా అడిగే మాట ఇది. నీళ్ల సంగతి నిజమే. మిగిలిన ఆ కాస్తలో ఉన్న ఎర్గోథయోనిన్ అనే పదార్థం గురించి వాళ్లకు చెప్పందే నాకు తోచదు.

మా షెడ్డులో వరిగడ్డిని ముక్కలు చేసి, వేడినీళ్లలో ఉడికించి, తడి ఆరాక విత్తనం పొరలుగా చల్లి సంచులు కడతాం. కొద్ది వారాల్లో తెల్లటి బూజు గడ్డినంతా అల్లేసుకుంటుంది. పుట్టగొడుగు అనే శిలీంధ్రం అసలు ఒళ్లు అదే. మనకు అరగని గడ్డిని అది తిని, మన ఒళ్లు చేసుకోలేని ఎర్గోథయోనిన్‌ను తయారుచేసి పెడుతుంది.

తిన్నది శక్తిగా మారేటప్పుడు ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పుడుతుంటాయి. అవి మితిమీరితే కణాల పొరలూ, ప్రొటీన్లూ, డీఎన్ఏ దెబ్బతింటాయి. వాటిని అదుపులో పెట్టేవే యాంటీఆక్సిడెంట్లు. విటమిన్ సి, ఎర్గోథయోనిన్ రెండూ అలాంటివే. విటమిన్ సి పండ్లలోనూ కూరల్లోనూ దొరుకుతుంది. ఎర్గోథయోనిన్‌ను మాత్రం శిలీంధ్రాలూ, కొన్ని రకాల బ్యాక్టీరియా తప్ప మొక్కలు గానీ జంతువులు గానీ చేసుకోలేవు. 1909లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ తాన్రే దీన్ని రై పంటకు పట్టే ఎర్గాట్ తెగులు శిలీంధ్రంలో కనిపెట్టాడు. 2005లో జర్మనీలోని కొలోన్ పరిశోధకులు, దీన్ని ప్రత్యేకంగా ఏరి కణాల్లోకి చేరవేసే ప్రొటీన్ మనలో ఉందని చూపించారు. నన్ను కట్టిపడేసింది ఇదే. లోపలికి చేరింది మూత్రంలో తొందరగా పోదు కూడా. అక్కరలేనిదైతే ఒళ్లు ఇంత జాగ్రత్తగా దాచుకుంటుందా?

మార్కెట్లో దొరికే తెల్ల బటన్ రకంలోకన్నా చిప్ప రకంలో, షిటాకేలో ఇది కొన్ని రెట్లు ఎక్కువ. అలాగని బటన్‌ను తీసిపారేయనక్కర్లేదు. దాన్ని కోసి పక్కన పెట్టండి, కాసేపటికి కోత మీద గోధుమరంగు తిరుగుతుంది. కత్తి పడగానే లోపలి ఎంజైమూ గాలీ కలిసి ఫినాల్ పదార్థాలను మార్చేస్తాయి. ఆ ఫినాల్సూ యాంటీఆక్సిడెంట్లే. అందుకే పొయ్యి వెలిగించాకే కోయమంటాను.

సింగపూర్‌లో అరవై దాటిన 663 మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వారానికి రెండుసార్లకు మించి పుట్టగొడుగులు తినేవాళ్లలో తేలికపాటి మతిమరుపు సమస్య దాదాపు సగం తక్కువగా కనిపించింది. అది పుట్టగొడుగుల వల్లేనని దీంతో రుజువైనట్టు కాదు, వాళ్ల మిగతా అలవాట్ల చలవ కూడా కావచ్చు. క్యాన్సర్ తగ్గుతుందనీ షుగర్ పోతుందనీ చెప్పి ఎవరైనా పొడులూ మాత్రలూ అంటగడితే కొనకండి. ఇది మందు కాదు, మంచి కూర.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. భయంతోనో అలవాటుతోనో చాలామంది పుట్టగొడుగులను ముందు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తారు. ఎర్గోథయోనిన్ వేడికి చెడదు గానీ నీళ్లలో కరిగిపోతుంది. నానబెట్టకుండా గబగబా కడిగి, వెడల్పాటి మూకుడులో నూనె కాగాక ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేయించి, పుట్టగొడుగులు వేసి మంట పెంచండి. వాటిలోంచి ఊరిన నీరు మూకుడులోనే ఇగిరిపోవాలి. ఉప్పు, మిరియాల పొడి అప్పుడు చల్లండి. పులుసు పెట్టుకుంటే ఆ చింత కూడా లేదు, ఊరిందంతా అన్నంలోకే వస్తుంది.