కరెంటు చదువు చదివిన తొలి ఆడపడుచు లలిత

పొలంలో మోటారు స్విచ్చి వేస్తే నీరు పడుతుంది. ఆ కరెంటు ఎక్కడో తయారై, పెద్ద తీగల మీద వచ్చి, సబ్‌స్టేషనులో దిగి, ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు చేరుతుంది. ఆ లైన్లకు, సబ్‌స్టేషన్లకు లెక్కలు కట్టి నమూనాలు గీయడం మగవారి పనేనని అందరూ అనుకున్న రోజుల్లో ఆ పనిలోకి దిగిన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత. దేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పొందిన మొట్టమొదటి మహిళ ఆమె.

పద్దెనిమిదేళ్లకే వైధవ్యం

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ప్రొఫెసరు. ఆనాటి ఆచారం ప్రకారం పదిహేనో ఏటనే ఆమెకు పెళ్లి చేశారు. అయినా పదో తరగతి దాకా చదువు మాన్పించలేదు. 1937లో కూతురు పుట్టింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త కన్నుమూశారు. అప్పటికి లలిత వయసు పద్దెనిమిది.

వీరేశలింగం పంతులు 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి యాభై ఏళ్లు దాటినా, అగ్రవర్ణాల ఇళ్లలో వితంతువు బతుకు పెద్దగా మారలేదు. శుభకార్యాలకు దూరం, ఇంట్లో ఒక మూల, జీవితాంతం ఒకరి మీద ఆధారం. లలిత అలా ఉండిపోదలచలేదు. తన కాళ్ల మీద తాను నిలబడి బిడ్డను పెంచాలనుకున్నారు.

ముందు క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. డాక్టరైతే అర్ధరాత్రి పిలిచినా వెళ్లాలి, పసిబిడ్డతో అది కుదరదు. పగలు పని చేసి సాయంత్రానికి ఇల్లు చేరే ఉద్యోగం కావాలి. తండ్రి, అన్నదమ్ములు ఇంజనీర్లే. దాంతో తానూ ఆ చదువే చదువుతానన్నారు.

గిండీలో తొలి అడుగు

1794లో సర్వే బడిగా మొదలైన గిండీ కళాశాలలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్లా చదవలేదు. సుబ్బారావు ప్రిన్సిపాలు చాకోతో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టరు స్టాథమ్ అనుమతి ఇచ్చారు. 1940లో లలిత చేరారు. పాప మేనమామ ఇంట్లో పెరిగింది.

మరుసటి ఏడు సివిల్ శాఖలో లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా చేరారు. యుద్ధం వల్ల కోర్సు కాలం తగ్గించడంతో 1943లో ముగ్గురూ కలిసే బయటికి వచ్చారు. పట్టా కాగితాల మీద 'అతడు' అనే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టివేసి 'ఆమె' అని చేతితో దిద్ది ఇచ్చారు. త్రేసియా తర్వాత 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు.

భాక్రా దాకా

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్నారు. సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనల్లో చేయూతనిచ్చారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరారు.

అక్కడ ఆమె పని కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు, రక్షణ పరికరాలు. గాలివానకు తీగ తెగిపడితే సబ్‌స్టేషనులో బ్రేకరు దానంతటదే పడిపోయి కరెంటు ఆగాలి. ఆగకపోతే తీగ తొక్కిన మనిషో, పశువో బలి. ఎంత కరెంటు దాటితే, ఎంత వేగంగా అది పడాలో ముందే లెక్క తేల్చాలి. ఆ లెక్క తప్పితే ప్రాణాల మీదికి వస్తుంది. సట్లెజ్ నది మీది భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆమె పాలుపంచుకున్నారు. ఆ డ్యామును 1963లో నెహ్రూ జాతికి అంకితం చేశారు.

లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా చేర్చుకుంది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ మహాసభకు వెళ్లి వచ్చారు. 1977లో పదవీ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న అరవయ్యో ఏట కన్నుమూశారు.

మూడో వంతు సీట్లు

ఈనాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగు, పాలిటెక్నిక్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు కేటాయించారు. ఒకరి అనుమతి కోసం ఎదురుచూడవలసిన పనిలేదు. అయినా పది పాసైన పిల్లకు పెళ్లా, చదువా అన్న మాట పల్లెల్లో ఇంకా వినబడుతూనే ఉంది. లలిత పట్టుదలకు తోడుగా కాలేజీ తలుపు తట్టిన తండ్రి ఉన్నాడు, బిడ్డను సాకిన అన్నదమ్ముల ఇల్లు ఉంది. సీటు ప్రభుత్వం ఇస్తుంది. ఆ ఆసరా మాత్రం ఇంటివాళ్లే ఇవ్వాలి.