పిల్లవాడి బల్లికి జబ్బు చేస్తే...

బల్లి మీద పడితే ఏం ఫలమో మన పంచాంగాల్లో వుంటుంది. తలమీద పడితే ఒకటి, భుజంమీద పడితే మరొకటి. కంచి వరదరాజస్వామి ఆలయంలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వస్తే ఆ దోషం పోతుందని పెద్దల నమ్మకం. కాని ఆ బల్లికే జబ్బు చేస్తే ఏం చెయ్యాలో ఏ పంచాంగమూ చెప్పదు!

నవ్వకండి. అమెరికాలో కూతురి దగ్గర కొన్నాళ్లు వుండడానికి వెళ్లిన ఒక పెద్దావిడ ఈ ప్రశ్నే అడిగారు. పదకొండేళ్ల మనవడు గాజుపెట్టెలో ఒక బల్లిని పెంచుకుంటున్నాడు. రెండు వారాలుగా అది తిండి ముట్టడం లేదు. బొద్దుగా వుండే తోక సన్నబడింది. నడిస్తే పొట్ట నేలకు రాసుకుంటోంది, కాలివేళ్లు వణుకుతున్నాయి. మనవడు బడి నుంచి వచ్చింది మొదలు ఆ పెట్టె ముందే కూర్చుంటున్నాడు, వాడికీ అన్నం సహించడం లేదు. అల్లుడుగారేమో ‘బల్లికి వైద్యం ఏమిటి? మరొకటి కొందాం’ అంటున్నారు. ఇంట్లో ఎనిమిది నెలల మనవరాలు కూడా వుంది. ‘ఆ బల్లి బతుకుతుందా? పసిపిల్లకు ఏమీ కాదు కదా?’ అని ఆవిడ ఆందోళన.

రెండూ అడగవలసిన ప్రశ్నలే. పరాయి దేశాల్లో వున్న మన పిల్లల ఇళ్లలో ఇలాంటి పెంపుడు జీవులు కనిపిస్తూనే వున్నాయి కనుక, సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఇది మన గోడమీది బల్లి కాదు

అక్కడ ఎక్కువమంది పెంచేది లెపర్డ్ గెకో. ఒంటిమీద చిరుతపులికి వున్నట్టు మచ్చలుంటాయి కనుక ఆ పేరు. మనం చిరుతబల్లి అనుకుందాం. దీని పుట్టిల్లు అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య ప్రాంతంలోని రాతినేలలు. మన ఇంటి బల్లిలా గోడలెక్కలేదు, దాని వేళ్లకు ఆ పట్టు లేదు. మన బల్లికి కనురెప్పలుండవు, దీనికి వుంటాయి. పగలు రాళ్లకింద దాక్కుని, పొద్దు వాలాక పురుగుల వేటకు బయలుదేరుతుంది. సరిగ్గా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. అంటే అది పిల్లవాడి బొమ్మ కాదు, ఇంట్లో ఒక మనిషి లెక్క.

దాని తోకే దాని ధాన్యపు గాదె. తిండి దొరికినప్పుడు కొవ్వును అక్కడ నిలవ చేసుకుని, కరువులో వాడుకుంటుంది. అందుకే తోక సన్నబడిందంటే గాదె ఖాళీ అవుతోందన్నమాట. ఆవిడ ఆ సంగతి గమనించడం చాలా మంచి పని.

తిననంత మాత్రాన జబ్బేనా?

కాదు. కుబుసం విడిచే ముందు ఒళ్లు తెల్లగా పాలిపోయి, ఒకటి రెండు రోజులు తిండి మానుతుంది. చలికాలంలోనూ, జతకట్టే కాలంలోనూ పెద్దవి కొన్ని వారాలు సరిగా తినకపోవచ్చు. అయితే అప్పుడు తోక తగ్గదు, బరువు నిలకడగా వుంటుంది. కనుక మొదట చెయ్యవలసింది తూచడం. గ్రాములు చూపే చిన్న తూకం ఒకటి దీనికోసమే విడిగా వుంచి, వారానికొకసారి తూచి కాగితం మీద రాయించండి. 60 గ్రాముల బల్లి 6 గ్రాములు తగ్గిందంటే, 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు! అంత తగ్గేదాకా ఊరుకోకూడదు.

తోక సన్నబడడం, వణుకు, పొట్ట ఈడ్చుకుంటూ నడవడం మూడూ కలిసి కనిపిస్తే అది మామూలు అరుచి కాదు. ఎముకల్లో సున్నం తగ్గే జబ్బు అయివుండవచ్చునని అనుమానించాలి. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. పైన కాల్షియం పొడి చల్లకుండా పెడుతూ వుంటే, డి విటమిను కూడా చాలకపోతే, రక్తంలో కాల్షియం పడిపోతుంది. అప్పుడు శరీరం ఆ లోటును తన ఎముకల్లోంచే తీసి పూడ్చుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంగుతాయి, కండరాలు వణుకుతాయి. మన పిల్లలకు వచ్చే రికెట్స్ లాంటిదే ఇది. దవడ మెత్తబడిన ప్రాణి పురుగును ఎలా కొరుకుతుంది? అది తిననిది ఆకలి లేక కాకపోవచ్చు, నమలలేక కావచ్చు.

వేరే కారణాలూ వుంటాయి. పెట్టెలో పోసిన ఇసుక మింగి పేగుల్లో అడ్డుపడడం ఒకటి, పేగుల్లో పరాన్నజీవులు చేరడం మరొకటి. నోట్లో పుండ్లు లేవవచ్చు. పెట్టె చల్లబడినా తిండి మానేస్తుంది. ఏది అసలు కారణమో తేల్చవలసింది పశువైద్యుడే.

ముందు వెచ్చదనం, తరువాత నీరు, ఆ తరువాతే తిండి

ఈ వరస గుర్తుంచుకోండి. ప్రేమకొద్దీ చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. తినడం లేదు కదా అని నోరు తెరిచి కుక్కుతారు. బల్లి రక్తం మనలా తనంతట తాను వెచ్చగా వుండదు. బయటి వేడి చాలకపోతే దానికి జీర్ణశక్తి లేదు. చల్లని పొట్టలో పడిన తిండి అరగక కుళ్లుతుంది.

వెచ్చదనం: పెట్టెలో ఒకవైపు నేల 32 డిగ్రీల సెంటిగ్రేడు, అంటే 90 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర వుండాలి. రెండోవైపు 25 డిగ్రీల దగ్గర చల్లగా వుండాలి. ఎక్కడ వుండాలో అదే ఎంచుకుంటుంది. రెండువైపులా తలదాచుకునే చోటు వుండాలి. చేత్తో ముట్టుకుని అంచనా వెయ్యవద్దు, థర్మామీటరు పెట్టండి. అడుగున వేడిపలక వాడితే దాన్ని అదుపుచేసే థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేక పొట్ట కాలిన బల్లులెన్నో! గాజుపెట్టెను ఎండలో మాత్రం పెట్టకండి. కొద్ది నిమిషాల్లో అది పొయ్యి అయిపోతుంది.

నీరు: లోతులేని మూతలో రోజూ మంచినీళ్లు మార్చండి. తాగకపోతే ముక్కు కొసమీద ఒక్కొక్క చుక్క వెయ్యండి, నాలుకతో నాక్కుంటుంది. పిచికారీతో నోట్లోకి కొట్టవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పది పదిహేను నిమిషాలు నీళ్లలో నిలబెట్టడమూ మేలు చేస్తుంది. నీళ్లు మోచేతులు దాటకూడదు, మీరు పక్కనే వుండాలి. ఆ నీళ్లు 30 డిగ్రీలు చాలు. మనం పసిపిల్లకు పోసే గోరువెచ్చని నీళ్లు దానికి వేడి ఎక్కువ. మన చేతికి కాస్త చల్లగా తగిలితే దానికి సరిపోయినట్టు.

పడక: ఇసుకంతా తీసేసి కాగితపు తువ్వాళ్లు పరవండి. శుభ్రం చెయ్యడం తేలిక, మలం ఎలా వుందో కనిపిస్తుంది. ఆరోగ్యంగా వున్నదానికి ముదురు రంగు మలంతోపాటు తెల్లటి ముద్ద ఒకటి పడుతుంది. అది దాని మూత్రం, చూసి కంగారుపడకండి. ఒక మూల చిన్న డబ్బాకు కన్నం చేసి, లోపల తడి నాచు గాని తడి కాగితం గాని వుంచితే కుబుసం సులువుగా వదులుతుంది. కాలివేళ్లకు పాత చర్మం చుట్టుకుని వుండిపోతే దారం బిగించినట్టే. రక్తం ఆడక వేళ్లు రాలిపోతాయి. తడిపి, దూదిపుల్లతో మెల్లగా తియ్యాలి, లాగకూడదు.

తిండి: ఒకటి రెండు రోజులు వెచ్చగా వుండి, నీళ్లు పడ్డాక, సాయంత్రం పూట చిన్న కీచురాయిని గాని పిండిపురుగును గాని చూపండి. దాని రెండు కళ్ల మధ్య వెడల్పుకన్న పురుగు పెద్దది కాకూడదు. ఆ పురుగులకు ముందురోజే కారెట్, ఆకుకూర పెట్టి, ఇచ్చేముందు కాల్షియం పొడిలో దొర్లించాలి. పురుగు కడుపులో వున్నదే బల్లి కడుపులోకి వెళుతుంది మరి! దవడ బలహీనంగా వుంటే పురుగును చిదిమి పెదవికి రాస్తే నాకుతుంది. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రి పెట్టెలో వదలకండి. ఓపికలేని బల్లిని అవే కొరుకుతాయి. తోటలో పట్టిన పురుగులు వద్దు, వాటిమీద మందు చల్లి వుండవచ్చు. మిణుగురులు అసలే వద్దు, అవి దానికి విషం.

అమ్మమ్మ వైద్యం ఇక్కడ వద్దు

పాలు, అన్నం మెతుకులు, నెయ్యి, పసుపు ముద్ద ఏవీ వద్దు. మనుషుల మాత్రలు చిదిమి పెట్టవద్దు. మన మాత్రలో కొసరు కూడా 60 గ్రాముల ప్రాణికి ఎక్కువే. డి విటమిను చుక్కలు సైతం సొంతంగా వెయ్యరాదు. తక్కువైతే ఎముకలు పోతాయి, ఎక్కువైతే విషమవుతుంది.

ఇప్పుడున్న లక్షణాలకు ఇంటి సేవ ఒక్కటే చాలదు. సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుణ్ణి ఈ వారంలోనే చూపించాలి. వణుకు మూర్ఛలా మారినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పొట్ట ఉబ్బి మలం పడకపోయినా, వెనకభాగం బయటికి వచ్చినా ఆ రోజే తీసుకువెళ్లాలి. కుక్కలను, పిల్లులను చూసే ప్రతి డాక్టరూ బల్లిని చూడరు. అమెరికాలో సరీసృపాల, ఉభయచరాల పశువైద్యులకు ప్రత్యేక సంఘం వుంది, దగ్గరలో ఎవరున్నారో దాని ద్వారా తెలుసుకోవచ్చు. వెళ్లేటప్పుడు తాజా మలం ఒక చిన్న డబ్బాలో, బరువు రాసిన కాగితం, పెట్టె ఫొటో పట్టుకువెళ్లండి. సగం రోగ నిర్ణయం అక్కడే అవుతుంది. ఎముకల జబ్బే అయితే కాల్షియం మందిస్తారు, అవసరమైతే ప్రత్యేకమైన దీపం పెట్టమంటారు. కోలుకోవడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. వంగిన కాలు మళ్లీ చక్కబడకపోవచ్చు, కాని ఎముక గట్టిపడి, వంకరకాలితోనే హాయిగా బతికేవి వున్నాయి.

ఒక్క సంగతి దాచకూడదు. తోక పుల్లలా ఎండిపోవడం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల కూడా జరుగుతుంది. దానిని పూర్తిగా పోగొట్టగలదని నమ్మదగిన మందు లేదు. పరీక్షలో అదని తేలితే డాక్టరు చెప్పేది పిల్లవాడికి కూడా ఉన్నదున్నట్టు చెప్పండి.

పసిబిడ్డ మాట

ఇదే అన్నిటికన్న ముఖ్యం. పైకి ఆరోగ్యంగా కనిపించే బల్లి పేగుల్లో కూడా సాల్మొనెల్లా క్రిములు వుండవచ్చు. పెద్దవాళ్లకు నాలుగు రోజుల విరేచనాలతో పోయేది పసిపిల్లలకు, వృద్ధులకు ప్రాణాంతకం కావచ్చు. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో సరీసృపాలను పెంచవద్దనే అమెరికా ఆరోగ్యశాఖవారి సలహా. చిన్న తాబేళ్లనుంచి పిల్లలకు ఈ జబ్బు సోకుతున్నదని, నాలుగు అంగుళాలకన్న చిన్న చిప్ప వున్న తాబేళ్ల అమ్మకాన్ని ఆ దేశం 1975లోనే నిషేధించింది.

కనుక బల్లి కోలుకునేదాకా పెట్టె మనవడి గదిలోనే, తలుపు వేసి వుండాలి. వీలైతే పాప కాస్త పెద్దదయ్యేవరకు స్నేహితుల ఇంట వుంచడం మరీ మంచిది. నీళ్ల మూతలు, పెట్టె వంటింటి తొట్టిలో కడగరాదు. బల్లిని తాకినా, దాని పెట్టెను తాకినా వెంటనే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. ముద్దులు పనికిరావు. సేవ చేసినవాళ్లు బట్టలు మార్చుకుని గాని పాపను ఎత్తుకోకూడదు. పాపకు జ్వరం, విరేచనాలు వస్తే, ఇంట్లో బల్లి వుందన్న సంగతి పిల్లల డాక్టరుకు తప్పక చెప్పండి.

మన దేశంలో వున్న పాఠకులకు ఒక మాట. వన్యప్రాణులను పట్టి పెంచుకోవడానికి 1972 నాటి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. విదేశీ జీవులకూ నిబంధనలున్నాయి. సరదాపడి కొనేముందు అటవీశాఖవారిని అడగండి.

ఇక అల్లుడుగారికి. మరొక బల్లిని కొనవచ్చు, నిజమే. కాని పదకొండేళ్ల పిల్లవాడు ఇప్పుడు చూస్తున్నది బల్లినొక్కదాన్నే కాదు. తనకన్న చిన్న ప్రాణి మంచం పడితే ఈ ఇంట్లో ఏం చేస్తారో చూస్తున్నాడు. తూకం, థర్మామీటరు, కాగితం వాడి చేతికివ్వండి. రోజూ బరువు, వేడి, తిన్న పురుగులు రాయమనండి. పని చేతిలో వున్నవాడికి బెంగ సగం తగ్గుతుంది, అన్నమూ సహిస్తుంది. బల్లి బతికితే వాడి సేవ ఫలించిందని సంతోషిస్తాడు. బతకకపోయినా, చెయ్యవలసిందంతా చేశామన్న తృప్తి వాడికి మిగులుతుంది.